స్థలం చూచిన మహనీయుడు – విక్రం సారాభాయి

ఆలయ నిర్మాణంలో ఆగమ శాస్త్రాలు విధించిన మొదటి కార్యం శంకుస్థాపన కాదు, భూపరీక్ష. నేల రంగు చూడాలి, వాసన చూడాలి, రుచి చూడాలి. గొయ్యి త్రవ్వి, తీసిన మన్నునే మరల అందులో పోయాలి. మన్ను మిగిలితే ఆ నేల ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. స్థపతి సూత్రం పట్టుకొని వచ్చేది ఆ తరువాతనే. స్థలం వెదకుట, తగిన స్థపతిని వరించుట, ద్రవ్యం సమకూర్చుట యజమాని వంతు. గోపురాన్ని చూచినవారు శిల్పిని మెచ్చుకొంటారు. యజమాని పేరు ఏ మూలనో ఒక శాసనంలో ఉంటుంది, దానిని చదివేవారు అరుదు.

నెల్లూరు సీమ దక్షిణపు అంచున, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ తల్లి ఆలయం దాటి తూర్పుగా వెళ్లే బాట పులికాటు సరస్సు నడిమిగా సాగి ఒక దీవిని చేరుతుంది. ఒక ప్రక్క ఉప్పునీటి సరస్సు, మరొక ప్రక్క బంగాళాఖాతం. అదే శ్రీహరికోట. 2022 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, పునర్విభజనలో తిరుపతి జిల్లాకు చేరినది. ఉపగ్రహ ప్రయోగానికి ముందు అంతరిక్ష సంస్థ అధిపతులు చెంగాళమ్మను సేవించుకొనడం ఈ ప్రాంతం వారు ఎరిగినదే. ఆ దీవిని ఈ కార్యానికి 1969లో ఎంచిన యజమాని డాక్టర్ విక్రం సారాభాయి. ఆయన శాస్త్రజ్ఞుడని లోకమంతా ఎరుగును. ఒక విద్యాసంస్థకో పరిశోధనాలయానికో చోటు చూచుటలో, ఇల్లు కట్టుటలో, పాత ఇంటిని క్రొత్త పనికి మలచుటలో ఆయనకొక క్రమం ఉండేదని ఎరిగినవారు మాత్రం తక్కువ.

సారాభాయి 1919 ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదులో జన్మించారు. తండ్రి అంబాలాల్, తల్లి సరళాదేవి. బట్టల మిల్లులు గల సంపన్న జైన కుటుంబం. ఎనమండుగురు బిడ్డలను పరాయి బడికి పంపడం ఇష్టంలేక ఆ దంపతులు తమ ఇంటి ఆవరణలోనే ఒక పాఠశాల నెలకొల్పి, ఉపాధ్యాయులను రప్పించారు. గాంధీ మహాత్ముడు, రవీంద్రనాథ ఠాకూరు ఆ గృహానికి వచ్చిన అతిథులు. మేనత్త అనసూయాబెన్ 1918లో మిల్లు కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించగా, ఎదుటి పక్షాన నిలచిన మిల్లు యజమానులలో ఆమె తమ్ముడు అంబాలాల్ ముఖ్యుడు. అంతకు ముందు 1915లో గాంధీజీ తమ ఆశ్రమంలో ఒక హరిజన కుటుంబాన్ని చేర్చుకొన్నందుకు దాతలందరు ముఖం చాటువేయగా, కారులో వచ్చి 13,000 రూపాయలు చేతిలో పెట్టి పేరు చెప్పకుండ వెళ్లిపోయిన సేఠు కూడ ఈ అంబాలాలే అని చరిత్రకారులు చెబుతారు. ఇటువంటి ఇంట పెరిగిన బాలునికి సంస్థ అనగా గోడలు కావనీ, మనుష్యులు కలిసి చేసే పని అనీ చిన్ననాడే తెలిసి ఉండాలి.

1937లో కేంబ్రిడ్జి చేరి 1940లో పట్టం పొందారు. యుద్ధం కారణంగా స్వదేశానికి మరలి, బెంగుళూరులో సర్ సి.వి. రామన్ చెంత విశ్వకిరణాల పరిశోధన సాగించారు. 1942లో మృణాళినీ స్వామినాథన్‌ను వివాహమాడారు. ఆమె భరతనాట్య విదుషీమణి. సబర్మతీ నది ఒడ్డున ఆ దంపతులు కట్టుకొన్న ఇంటికి పెట్టిన పేరు చిదంబరం. నటరాజ క్షేత్రం పేరు, ఆకాశలింగం వెలసిన చోటి పేరు, ఆకాశాన్ని శోధించవలసినవాని ఇంటికి ఎంత చక్కగా అమరినదో చెప్పనక్కరలేదు.

యుద్ధానంతరం కేంబ్రిడ్జికి తిరిగి వెళ్లి 1947లో డాక్టరు పట్టం గైకొన్నారు. ఆ యేడే నవంబరు 11వ తేదీన, ఇరువదియెనిమిదేండ్ల వయస్సులో, అహమ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయాన్ని స్థాపించారు. స్థాపించారనగానే మన కన్నులకు రాతి మేడ ఒకటి గోచరిస్తుంది. అది లేదు. మహాత్మాగాంధీ విజ్ఞాన కళాశాలలో అరువు తీసుకొన్న గదులే ఆ పరిశోధనాలయం. వాతావరణ శాస్త్రంలో పేరెన్నిక గన్న కె.ఆర్. రామనాథన్‌ను సంచాలకునిగా ఒప్పించి తెచ్చారు. పని ఆరంభమైనది, విద్యార్థులు వచ్చారు. సొంత భవనానికి 1952లో రామన్ శంకుస్థాపన చేయగా, 1954లో నెహ్రూ ప్రారంభించారు. అహమ్మదాబాదు వస్త్ర పరిశ్రమల పరిశోధన సంఘం విషయంలోను ఇదే వరుస. దాని భవనాన్ని గీసిన అచ్యుత కాన్విందే అప్పటికి యువకుడు. విదేశంలో చదివి వచ్చిన క్రొత్త రీతి స్థపతి.

ఇదే ఆయన క్రమం. మొదట పని, పనికి తగిన మనుష్యులు, అరువు ఇల్లు. పని ఎట్లు సాగుతున్నదో చూచుకొన్న పిదప దానికి తగిన ఇల్లు. ఆలయ జీర్ణోద్ధరణ కాలంలో మూలమూర్తి శక్తిని బాలాలయంలో నిలిపి నిత్యపూజ లోపం లేకుండ జరుపుట మనకు తెలియును. పూజ ఆగరాదు, కట్టడం ఆలస్యమైనను సరే. సారాభాయి తన ప్రతి సంస్థను బాలాలయంలోనే మొదలుపెట్టారు.

1961లో ఏర్పడిన భారత నిర్వహణ విద్యాసంస్థ కూడ షాహీబాగులో ఒక బంగళాలో కన్ను తెరచినది. మొదటి సంవత్సరాలలో సారాభాయియే గౌరవ సంచాలకులు. మిల్లు యజమాని కస్తూర్‌భాయి లాల్‌భాయి ఆయనకు కుడిభుజం. శాశ్వత ప్రాంగణానికి స్థపతిగా బాలకృష్ణ దోషీని అడుగగా, ఆయన ఆ గౌరవాన్ని తనకు ఉంచుకొనక, అమెరికాలోని లూయీ కాన్‌ను పిలువవలెనని కోరారు. తనకు దక్కిన పనిని తనకంటె పెద్దవానికి అప్పగించమన్న ఆ దోషీ గుణం ఈ కథలో ఒక మణి. 1962లో కాన్ వచ్చారు. స్థానికంగా కాల్చిన ఎర్ర ఇటుకతోనే, పైన సున్నపు పూత లేకుండ, పెద్ద పెద్ద వృత్తాకారపు తెరపులతో, ఎండ నేరుగా గదులలో పడకుండ లోతైన నడవలతో ఒక నగరం వంటి ప్రాంగణాన్ని రచించారు. తరగతి గదికి, విద్యార్థుల వసతికి మధ్య నడిచే దారిలో, మెట్ల మీద, నీడలో నిలిచి మాట్లాడుకొనే చోటులో కూడ చదువు జరుగుతుందని ఆయన తలంపు. ఆలయానికి ప్రాకారాలు, మండపాలు ఎందుకో ఎరిగినవారికి ఈ భావం క్రొత్త కాదు. 1974 మార్చిలో అహమ్మదాబాదు నుండి తిరిగి వెళ్లుతూ కాన్ న్యూయార్కు రైలు స్టేషనులో ప్రాణం విడిచారు. అప్పటికి యజమాని లేడు.

ఇంతవరకు నేల సమస్య కాదు. సొంత ఊరు, అండగా నిలచే శ్రీమంతులు. నేలను వెదకవలసిన పని 1962లో వచ్చినది. అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడగా సారాభాయి అధ్యక్షులైనారు. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతున్నది. దానికి పైన సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులో విద్యుత్ప్రవాహం ఒకటి పగటివేళ పారుతుంది. బెలూన్లు అంత ఎత్తు ఎక్కలేవు, ఉపగ్రహాలు అంత దిగువన తిరుగలేవు. అక్కడి సంగతి తెలియవలెనంటే చిన్న రాకెట్టు పంపుట ఒక్కటే మార్గం. ఏక్‌నాథ్ చిట్నిస్ ప్రభృతులు తీరమంతా తిరిగి చూచిన చోట్లలో, తిరువనంతపురం ప్రక్కన తుంబా అనే జాలరి పల్లె అన్ని విధాల అనుకూలమైనది. చిక్కు ఒకటే. ఆ నేలలో మగ్దలేనా మరియమ్మ చర్చి ఉన్నది, బిషప్ నివాసం ఉన్నది, చుట్టును జాలరి కుటుంబాలున్నవి.

ప్రభుత్వ బలంతో ఖాళీ చేయించుట అసాధ్యం కాదు. సారాభాయి ఆ త్రోవ త్రొక్కలేదు. స్వయంగా పోయి బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరేరాను దర్శించి తమ అవసరం నివేదించారు. ఆయన వెంటనే బదులు చెప్పక, ఆదివారం ప్రార్థనకు రమ్మన్నారు. ఆనాడు సంఘం ఎదుట, ఈ శాస్త్రజ్ఞుడు దేవుని నివాసాన్ని, మీ పాదిరి నివాసాన్ని, మీ ఇండ్లను అడుగుచున్నాడనియు, శాస్త్రం వెదకేది సత్యాన్నేననియు చెప్పి, ఇత్తమా అని అడిగారనీ, సంఘమంతా అంగీకారం తెలిపినదనీ అబ్దుల్ కలాం తన రచనలలో స్మరించారు. కుటుంబాలు వేరొక చోటికి తరలినవి, వారికి క్రొత్త చర్చి నిర్మితమైనది. నిత్యపూజ ఆగలేదు.

పాత చర్చిని పడగొట్టలేదు. ఈ విషయం మీద ఒకింత నిలువవలసి ఉన్నది. పనికి తొందర ఉన్నది, ధనం స్వల్పం, ఇనుప షెడ్లు రెండు వేసుకొని పాత కట్టడాన్ని నేలమట్టం చేసినా ఆనాడు అడిగేవారు లేరు. కాని ఆ గోడల నడుమనే కార్యాలయం పెట్టారు. ప్రార్థనా మందిరం కలాంకు ప్రయోగశాల అయినది, బిషప్ గది రేఖాచిత్రాలు గీసుకొనే చోటు అయినది. రాకెట్టు భాగాలను సైకిళ్ల మీద పెట్టి ఆ ఇసుక దారులలో మోసుకొని పోయిన ఛాయాచిత్రాలు నేటికిని చూడవచ్చును. 1963 నవంబరు 21వ తేదీ సాయంత్రం అమెరికా దేశపు నైకీ-అపాచీ రాకెట్టు అక్కడి నుండి ఎగసినది. 1968 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆ కేంద్రాన్ని ఐక్యరాజ్య సమితికి అంకితం చేశారు. పాత చర్చి తరువాత అంతరిక్ష ప్రదర్శనశాల అయినది. ఇల్లు ఒక పని నుండి మరొక పనికి మారినది గాని దాని మర్యాద చెడలేదు. జీర్ణోద్ధరణ అనగా రాళ్లు మార్చుట మాత్రమేనని తలచేవారు తుంబా చర్చిని ఒకసారి చూడవలెను.

తుంబా పడమటి కోస్తాది. పరిశోధన రాకెట్లు పైకి పోయి సముద్రంలో పడిపోతవి గనుక అది సరిపోయినది. ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలుపుట వేరు. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుచున్నది. తూర్పు దిక్కుగా ఎగురవేస్తే ఆ భ్రమణ వేగమే రాకెట్టుకు ఊతం. శ్రీహరికోట ఉన్న అక్షాంశంలో అది సెకనుకు సుమారు 450 మీటర్లు. తుంబా నుండి తూర్పునకు పంపితే కాలిన దశలు తమిళ దేశపు పల్లెల మీద పడతవి. కనుక తూర్పు తీరం కావలెను, ఎదుట విశాల సముద్రం కావలెను, వెనుక జనసమ్మర్దం ఉండరాదు, అయినను రైలు, రేవు, నగరం మరీ దూరం కారాదు. ఈ లక్షణాలన్నీ కూడిన నేల కొరకు 1968లో మరల చిట్నిస్ బయలుదేరారు. మద్రాసుకు ఉత్తరాన, పులికాటుకు ఆవల, వంటచెరకు కోసం పెంచిన సరుగుడు, నీలగిరి తోటలతో నిండిన శ్రీహరికోట కనబడినది. 1969లో స్థల నిర్ణయం జరిగినది. ఆ యేడు ఆగస్టు 15వ తేదీననే భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అవతరించినది.

తీసుకొన్న నేల 43,000 ఎకరాల పైచిలుకు, తీరరేఖ 50 కిలోమీటర్లు. ఒక చిన్న రాకెట్టు కూడ స్వయంగా కక్ష్యకు పంపలేని దేశానికి ఇంత నేల ఏలనని ఎవరికైనను తోచవచ్చును. ఘన ఇంధనం కలిపే చోటికి, నింపే చోటికి, నిలువజేసే చోటికి, ప్రయోగ వేదికకు మధ్య ఎంతెంత ఎడం ఉండవలెనో కొలతలున్నవి. ఒకచోట నిప్పు రాజుకొంటే రెండవ చోటికి అంటరాదు. ఆ ఎడమంతా అడవిగానే ఉండవచ్చును, ఉండుటయే మేలు. అంతేగాక నేటి రాకెట్టుకు కాదు, మనుమల నాటి రాకెట్టుకు కూడ చోటు విడువవలెను. గర్భగుడి ఒక్కటే కట్టగలిగిన నాడు ఏడు ప్రాకారాలకు నేల విడిచిన యజమాని చేసిన పని ఇది.

ఐతే ఆ నేల శూన్యం కాదు. యానాదులు తరతరాలుగా ఆ దీవి అడవులలో వేటాడి, తేనె తీసి, దుంపలు త్రవ్వి, చేపలు పట్టి బ్రతికినవారు. మూలికలెరిగిన జాతి. కేంద్రం రావడంతో ఎన్నో కుటుంబాలు తమ తావులు విడువవలసి వచ్చినది, కొందరు కేంద్రంలోనే కూలిపనులలో కుదిరారు. తుంబాలో సంఘాన్ని కూర్చి అడిగిన బిషప్ ఉన్నాడు, ఆ కథను వ్రాసిన కలాం ఉన్నాడు. యానాదుల త్యాగానికి అట్టి కథకుడు దొరకలేదు. సారాభాయి చరిత్ర వ్రాసేవారు ఈ పేజీని త్వరగా త్రిప్పివేయడం న్యాయం కాదు.

1966 జనవరి 24వ తేదీన హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించగా అణుశక్తి సంఘ భారం కూడ సారాభాయి మీద పడినది. బొంబాయి, అహమ్మదాబాదు, తిరువనంతపురం, ఢిల్లీ మధ్య తిరుగుటయే జీవితమైనది. విమానాశ్రయాలలోనే చర్చలు, అర్ధరాత్రి దాటిన సమావేశాలు. వయస్సులో చిన్నవారికి పెద్ద పనులు అప్పగించి, వారు తప్పినప్పుడు కోపించక మరల చేయించే ఓర్పు ఆయనది. 1971 అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోట నుండి రోహిణి-125 అనే చిన్న పరిశోధన రాకెట్టు ఎగసినది. తాను చూచిన నేల నుండి ఆయన జీవితకాలంలో జరిగిన ఆరంభం అంతమాత్రమే. ఆ యేడు డిసెంబరు 30వ తేదీన కోవళం కోటలో విశ్రమించిన చోటనే గుండె ఆగి పరమపదించారు. కలాంతో టెలిఫోనులో మాట్లాడి గంటైనను కాలేదు. వయస్సు 52 సంవత్సరాలు.

పిదప సతీష్ ధవన్ పగ్గాలు చేపట్టారు. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతంలో కూలినది. 1980 జులై 18వ తేదీన రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. తుంబాలోని కేంద్రానికి సారాభాయి పేరు, శ్రీహరికోటకు 2002లో ధవన్ పేరు పెట్టారు. చంద్రునిపై 2023 ఆగస్టు 23వ తేదీన దిగిన నౌకకు విక్రం అని పేరు.

ఆయన కట్టించిన ఇండ్ల సంగతి వేరు. అహమ్మదాబాదు ప్రాంగణంలో నాటు ఇటుకలు నీరు పీల్చి పొరలు రాలినవి. 2001 నాటి భూకంపం కూడ గోడలను కదిలించినది. ఆయన పేరిట ఉన్న గ్రంథాలయాన్ని బృందా సోమయ బృందం ఇటుక ఇటుకగా బాగుచేయగా, 2019లో యునెస్కో ఆ జీర్ణోద్ధరణను సత్కరించినది. కాని మరుసటి యేడు డిసెంబరులోనే 18 వసతి గృహాలలో 14 కూల్చి క్రొత్తవి కట్టుతామని ప్రకటన వెలువడినది. లోకమంతటి నుండి స్థపతులు, పూర్వ విద్యార్థులు ఆక్షేపించగా 2021 జనవరి 1వ తేదీన దానిని ఉపసంహరించారు. 2022లో మరల పునర్నిర్మాణమే శరణ్యమని సంస్థ నిర్ణయించినది. శిథిలమైన గదిలో పిల్లలను ఉంచరాదనుట నిజం. గ్రంథాలయాన్ని నిలిపిన చేతులకు వసతి గృహాలు అసాధ్యమా అనే ప్రశ్నయు నిజమే. యజమాని ఉండి ఉంటే ఏమనేవాడో ఊహించి చెప్పుట పొసగదు. తుంబాలో ఏమి చేశాడో మాత్రం తెలియును.

శ్రీహరికోటకును లోపం లేకపోలేదు. దక్షిణ ధ్రువం దిక్కుగా పంపే రాకెట్టు సింహళ ద్వీపాన్ని తప్పించుకొనుటకు మార్గమధ్యంలో వంపు తిరుగవలెను. ఆ వంపులో ఇంధనం వ్యయమై చిన్న రాకెట్లు మోయగల బరువు తగ్గుతుంది. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్టణంలో మరొక కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో పునాది వేశారు. పెద్ద రాకెట్లకు మాత్రం శ్రీహరికోటయే ఆధారం. 2025 జనవరి 29వ తేదీన అక్కడి నుండి నూరవ ప్రయోగం జరిగినది. అదే నెలలో మూడవ ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం అనుమతించినది. దానికి క్రొత్తగా నేల సేకరించవలసిన పని లేకపోయినది. 1969లో విడిచిన సరుగుడు తోపుల నడుమ చోటు ఇంకను ఉన్నది.